పాతాళగంగ మెట్లకు దిగువన



శ్రీశైల మల్లికార్జునుని సేవించి, పాతాళగంగ మెట్లు దిగి, కృష్ణలో స్నానమాడినవారు మీలో పెక్కురుందురు. నేనును పలుమార్లు దిగితిని. అచ్చటి లోయగోడలలో బండలు పొరలు పొరలుగా, తాటాకు గ్రంథమున పత్రములను పేర్చినట్లు కానవచ్చును. ఆ పత్రములను చదువనేర్చినచో మన సీమ కథ తెలియును.

ఆ పొరలు ఒకనాటి యిసుక. నూరుకోట్ల యేండ్లకు పూర్వము మన కడప, కర్నూలు సీమలలో లోతులేని సముద్రముండెను. అందు పేరుకొన్న ఇసుకయే గట్టిపడి నల్లమల బండ యయ్యెను. మన యిండ్లలో పరచు నాపరాయియు అటులే నీటి యడుగున పేరుకొన్న సున్నపు బురద. ఈ శిలలను విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో విపులముగా వర్ణించెను. శ్రీశైలము దరిని పొరలు చాలవరకు చదునుగా నున్నను, నల్లమలకు తూర్పు భాగమున చాపను ఒకవైపునుండి నెట్టినట్లు ముడుతలు పడియున్నవి. కొండను ముడుచు బలమెక్కడిది?

భూమి నడిబొడ్డు మన పాదములకు 6,371 కిలోమీటర్ల దిగువనున్నది. మనుష్యుడు త్రవ్విన మిక్కిలి లోతైన రంధ్రము, రష్యాలోని కోలాయందలిది, 12 కిలోమీటర్లకు కొంచెము మించును. మరి లోపలి సంగతి యెట్లు తెలిసెను? కుండ కొనువారు వ్రేలితో కొట్టి, ధ్వనినిబట్టి బీటను కనుగొందురు గదా! భూకంపపు టలలు భూమిని అట్లే మ్రోగించును. మనదేశపు భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన ఓల్డ్‌హామ్ ఆ యలలను పరిశీలించి, 1906లో భూగర్భమున వేరొక గోళము కలదని చూపెను. డెన్మార్కు దేశపు విదుషి ఇంగె లేమన్ 1936లో దాని లోపల ఇంకొక గోళమును కనుగొనెను.

పైనున్నది భూపటలము, మనవైపు దాని మందము సుమారు 35, 40 కిలోమీటర్లు. దాని క్రింద 2,900 కిలోమీటర్ల లోతువరకు వేడిరాతి ప్రావారము. అది ఘనమే యైనను యుగములమీద మెల్లగా ప్రవహించును. ఆపైన కరగిన యినుము. నడుమ ఘనమైన యినుపగుండు. భూమి పైభాగము పెద్ద పెద్ద ఫలకములుగా విడివడి మెల్లగా కదలుచున్నది. మన ఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా సాగుచు ఆసియాను నెట్టుచున్నది. హిమాలయములు ఆ రాపిడివలన లేచినవే.

హిమాలయమునకు మనము దూరమే. మన నేల ప్రాచీనము, దృఢము. కాని ఆ నెట్టుడు మనవరకును వచ్చును. 1967లో ఒంగోలు ప్రాంతము కంపించెను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి పరిసరములలో దాదాపు పదివేలమంది మడిసిరి. అదియు దక్కను పీఠభూమియే. వారిని చంపినది నేలకంటె ఇల్లు: మట్టితో పేర్చిన దొడ్డ రాతిగోడలు, వానిపై బరువైన మట్టికప్పు.

మన మిద్దెలును అట్టివే గదా! మా యింటి మిద్దెపై ఏటేట క్రొత్త చౌడు వేయుట చిన్ననాడు చూచితిని; పాతది తీసినవారిని చూడలేదు. కావున క్రొత్తమట్టి వేయుటకు ముందు పాతది దింపుడు. గోడ కట్టునప్పుడు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పట్టు పొడవురాళ్లను నడుమనడుమ పెట్టింపుడు. ద్వారబంధము పైని గోడలన్నిటిని చుట్టి బిగించు పట్టీని వేయింపుడు. కొండలను ముడిచిన బలమును మన మాపజాలము; మన కప్పు బరువును తగ్గించుకొనగలము.