క్రీడాసంఘము - ధనవ్యవహారము : హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఉత్థాన పతనములు

క్రీడలను గూర్చి వ్రాయువారు సాధారణముగా గెలుపోటములను గూర్చియే వ్రాయుదురు. ఆటస్థలమునకు వెలుపల, లెక్కల పుస్తకములలో జరుగు గెలుపోటములు ప్రేక్షకుల కంటబడవు. అయినను ఒక క్రీడాసంఘము నిలుచుటయు, కూలుటయు పెక్కుసార్లు ఆ పుస్తకములలోనే నిర్ణయమగుచుండును. 2022 లో భారతదేశమున విజేతగా నిలిచిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2025 నాటికి ఆ నగరముననే లేకపోవుట ఇందులకు మనకు మిక్కిలి సమీపమున నున్న నిదర్శనము. ఆ చరిత్రను క్రమముగా వివరించి, ధనలోప మెంతవరకో, దుష్ప్రవర్తన మెక్కడ ఆరంభమగునో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పూర్వచరిత్ర

రాయచూరు జిల్లా 1956 అక్టోబరు నెలాఖరు వరకు హైదరాబాదు రాష్ట్రములోని భాగము. కావున ఆ నగరపు ఫుట్‌బాల్ కీర్తి మన పెద్దలకు పరాయిది కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును సాధించెను. సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోను ఆడెను. 1963 లో రహీం కీర్తిశేషుడయ్యెను.

ఆ కాలపు జట్టునకు ధన మెక్కడినుండి వచ్చెనో గమనింపవలెను. ఆటగాండ్రు పోలీసు శాఖలో ఉద్యోగులు. వారి జీతము సర్కారు ఖజానానుండి వచ్చుచుండెను. ఆట ఓడినను, టిక్కెట్లు అమ్ముడుపోకున్నను ఆ జీతము నిలువదు. ఆ ఏర్పాటు ఆటగాండ్రకు ఐశ్వర్యము నియ్యలేదు గాని అభయము నిచ్చినది.

నూతన విధానము

2014 లో ఇండియన్ సూపర్ లీగు ప్రారంభమైనది. ఇందులోని క్లబ్బులు ప్రభుత్వ శాఖలకు సంబంధించినవి కావు, సభ్యులు చందాలు వేసికొని నడుపుకొను సంఘములును కావు. అవి కంపెనీలు. ఒక నగరము పేరిట లీగులో ఆడు హక్కును కంపెనీ రుసుము చెల్లించి పొందును. దీనినే ఫ్రాంచైజీ అందురు. పేరు నగరముది, హక్కు కంపెనీది. ఈ రెండింటి భేదమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఈ కథ యంతయు దానిమీదనే తిరుగుచున్నది.

హైదరాబాదు క్లబ్బు పుట్టుకయే మరియొక క్లబ్బు పతనమువలన కలిగినది. పూనా నగరపు క్లబ్బు ఆర్థికముగా నిలువలేక 2019 లో తప్పుకొనెను. ఆ యేడు ఆగస్టులో దాని స్థానమున హైదరాబాదు క్లబ్బు వెలసినది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని అనువారు దాని యజమానులు. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణము దాని సొంత మైదానమైనది.

మొదటి యేట జట్టు కడపటి స్థానమున నిలిచెను. 2020 లో స్పెయిను దేశస్థుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చి యువకులతో జట్టును పునర్నిర్మించెను. 2022 మార్చి 20 న గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్స్ జట్టుతో తుదిపోటీ జరిగెను. ఆట చెరియొక గోలుతో సమానముకాగా, పెనాల్టీలలో హైదరాబాదు 3-1 తేడాతో గెలిచెను. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపెను. రహీం కాలము తరువాత హైదరాబాదునకు ఫుట్‌బాల్‌లో ఇంతటి గౌరవము దక్కుట అరుదు.

ఆదాయ వ్యయములు

ఈ గెలుపు వెనుకనున్న లెక్కను ఇప్పుడు చూతము. కరోనా కారణముగా 2020-21, 2021-22 సంవత్సరముల పోటీలన్నియు గోవాలోనే జరిగెను. అనగా తమ జట్టు విజేతయైన యేట హైదరాబాదు ప్రజలు సొంత మైదానమున దాని ఆట నొక్కటియైనను చూచి యెరుగరు. సొంత మైదానపు టిక్కెట్ల రాబడి లేదు. స్థానిక వర్తకులకు ప్రకటనలిచ్చు ఉత్సాహమును అంతంత మాత్రమే.

విజేతకు ఆ సంవత్సరము లభించిన బహుమతి 6 కోట్ల రూపాయలు. నాటి లీగు నిబంధనల ప్రకారము ఒక క్లబ్బు ఆటగాండ్ర జీతములకు వెచ్చింపదగిన గరిష్ఠ పరిమితి 16.5 కోట్లుగా నుండెను. ఆ పరిమితికి దగ్గరగా వెచ్చించు క్లబ్బు లీగునంతటిని గెలిచినను, ఆ బహుమానము జీతములలో సగమునకు కూడ చాలదు. ప్రయాణములు, హోటలు బసలు, శిక్షకులు, బాలుర జట్లు, ఫ్రాంచైజీ రుసుము అను ఖర్చులు వేరు. గెలుపు కీర్తిని తెచ్చును గాని లోటును పూడ్చదు. ఆ లోటును యజమానులు తమ జేబునుండి పూరింపవలసినదే. జేబు తడిసియున్నంతకాలము ఎవరును లెక్క అడుగరు. అది ఎండిననాడు అడుగు అధికారము ఎవరికిని లేదని తెలియును.

పతనము

2022-23 లో జట్టు లీగున రెండవ స్థానమున నిలిచి, ఉపాంత్య పోటీలో ఏ.టి.కె. మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో ఓడెను. పైకి చూచువారికి ఇది ఉన్నతస్థితియే. లోలోపల జీతముల చెల్లింపు కుంటుపడుచుండెను. 2023 లో ఫిర్యాదులు బహిరంగమయ్యెను. మార్కెజ్ గోవా క్లబ్బునకు తరలిపోయెను. ఆటగాండ్రు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకును, ప్రపంచ సంస్థయగు ఫీఫాకును మొరపెట్టుకొనిరి. బకాయిలు తీర్చువరకు క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఫీఫా నిషేధము విధించెను.

ఆ నిబంధన పనిచేయు తీరును తెలిసికొనుట మేలు. రెండు నెలల జీతము అన్యాయముగా నిలిపివేసినచో, ఆటగాడు క్లబ్బునకు వ్రాతపూర్వకముగా పదునైదు దినముల గడువిచ్చి, అప్పటికిని చెల్లింపనిచో ఒప్పందమును రద్దు చేసికొనవచ్చును. బకాయి తీర్చవలెనని ఉత్తర్వు వచ్చినను తీర్చని క్లబ్బుపై మూడు చేరిక కాలములవరకు నిషేధము విధింపవచ్చును. ఇది కార్మికుని రక్షించు న్యాయమే. కాని ఒకసారి చిక్కుకొన్న క్లబ్బునకు ఇది విషవలయమగును. జీతము లేనందున ఆటగాండ్రు విడిచిపోదురు. నిషేధమువలన వారి స్థానమున క్రొత్తవారు రారు. జట్టు ఓడును. ఓడు జట్టునకు ప్రకటనదారులు దొరకరు. ప్రకటనలు లేనందున జీతములకు మరల ధనముండదు.

హైదరాబాదున సరిగా ఇదియే జరిగెను. 2023-24 నడుమ విదేశీ ఆటగాండ్రు దాదాపు అందరును వెడలిపోయిరి. శిక్షకుడు కోనర్ నెస్టర్ వెళ్లగా థాంగ్‌బోయ్ సింగ్టో ఆ భారమును వహించెను. పేరెరుగని యువకులు బరిలో దిగిరి. ఇరువదిరెండు ఆటలలో గెలిచినది ఒకటి, సమానము చేసినవి ఐదు, ఓడినవి పదునారు. రెండేండ్ల క్రిందటి విజేత పండ్రెండు జట్లలో పండ్రెండవదయ్యెను. ఆ యువకులను నిందించుట తగదు. నౌకకు రంధ్రము పడిన పిదప తెడ్డు పట్టినవారు వారు.

నష్టము, ఒప్పందభంగము, మోసము

ఇట్టి సందర్భములలో ప్రజలు వెంటనే "తినివేసిరి" అని తీర్పు చెప్పుదురు. పరిశీలకుడు మూడింటిని వేరుచేసి చూడవలెను. మొదటిది నష్టము. అది దురదృష్టము కావచ్చును, నేరము కాదు. రెండవది ఒప్పందభంగము, అనగా పని చేయించుకొని కూలి ఇయ్యకుండుట. మూడవది మోసము, అనగా దొంగలెక్కలు వ్రాయుట, ధనమును దారి మళ్లించుట.

హైదరాబాదు విషయమున క్రీడాసంస్థల ఉత్తర్వులవలన స్థిరపడినది రెండవది. మూడవదానిని వదంతులనుబట్టి పలుకరాదు. ఆరోపణము వేరు, నిరూపణము వేరు. స్కాట్లండు దేశపు రేంజర్స్ క్లబ్బు 1872 లో పుట్టినది. 2011 లో ఒక వ్యాపారి దానిని ఒక్క పౌనునకు కొనెను. మరుసటి యేడు అది దివాలా తీసి, క్రొత్త కంపెనీ చేతులలో నాల్గవ తరగతినుండి ఆట మొదలుపెట్టవలసివచ్చెను. దేశమంతయు ఆ వ్యాపారిని దోషియనెను. కాని 2017 లో న్యాయస్థానము మోసారోపణనుండి ఆయనను విముక్తుని చేసెను. అదే యేట, ఆయనకు పూర్వపు యజమానుల కాలమున ట్రస్టుల ద్వారా ఆటగాండ్రకు ముట్టిన సొమ్ముపై పన్ను చెల్లవలసినదేయని బ్రిటను అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇటలీలోని యువెంటస్ క్లబ్బునకు ఆటగాండ్ర మార్పిడి విలువల లెక్కలపై 2023 జనవరిలో 15 పాయింట్ల కోత పడెను. అది రద్దై, మేలో 10 గా మరల విధింపబడెను. విచారణ చేయువారికే ఇన్ని మలుపులు తప్పలేదు. వీధిలో మాటలాడు మనము తొందరపడుట తగునా?

అయితే మోసము నిరూపితము కాలేదని రెండవ దోషమును తేలికగా చూడరాదు. చెల్లింపజాలమని యెరిగియు పని చేయించుకొనుట ధర్మదృష్టిలో చిన్న తప్పు కాదు. పేరుపొందిన విదేశీ ఆటగానికి ఫీఫా కలదు. స్వదేశీ ఆటగానికి సమాఖ్యలో న్యాయసమితి కలదు. మైదానపు గడ్డిని కోయువానికి, వంటవానికి, బస్సు నడుపువానికి ఆ ద్వారములు తెరచుకొనవు. వారు సాధారణ న్యాయస్థానముల మెట్లెక్కవలసినదే. పత్రికలలో పేరు రాని వీరి జీతమే క్లబ్బు నిజాయితీకి గీటురాయి.

పేరు, హక్కు

2024 లో బి. సి. జిందాల్ సంస్థ ఈ క్లబ్బును స్వీకరించెను. 2024-25 లో జట్టు పదమూడింటిలో పండ్రెండవదయ్యెను. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి "స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ" అను నామమును ధరించెను. ఇందు చట్టవిరుద్ధ మేమియు లేదు. హక్కు కంపెనీది గనుక కంపెనీ దానిని కొనిపోయెను. పూనానుండి హైదరాబాదునకు వచ్చిన దారినే హైదరాబాదునుండి ఢిల్లీకి పోయినది. నగరమునకు మిగిలినది 2022 నాటి జ్ఞాపకము మాత్రమే. ఆ గెలుపునకు కేకలు వేసినవారిని ఎవరును అడుగలేదు. అడుగవలెనను నియమమును లేదు.

ఇతర దేశములలో వేరు మార్గములు కలవు. జర్మనీలో సభ్యులసంఘమునకే సగమునకు మించిన ఓట్లుండవలెనను నియమము 1998 నుండి కలదు. ధనవంతుడు పెట్టుబడి పెట్టవచ్చును గాని, కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బును ఊరు దాటించు అధికారమును సంపాదింపలేడు. ఇంగ్లండులో 1885 లో పుట్టిన బరీ క్లబ్బు 2019 లో పై తరగతికి ఎక్కినను అప్పుల కారణముగా ఆగస్టులో లీగునుండి బహిష్కృతమయ్యెను. హైదరాబాదు క్లబ్బు పుట్టినదియు ఆ నెలలోనే. కాని బరీ అభిమానులు సంఘములుగా ఏర్పడి, 2023 లో ఆ పేరుతోనే క్రింది తరగతి పోటీలలో ఆటను పునఃప్రారంభించిరి. హైదరాబాదు అభిమానులకు అట్టి సంఘబలము లేకపోయెను.

మన దేశమున చేయదగినవి కష్టసాధ్యములు కావు. సంవత్సరమునకు సరిపడు జీతముల సొమ్మునకు యజమాని ముందుగనే బ్యాంకు హామీ చూపవలెను. కార్మికులందరి జీతములు ముట్టినట్లు ప్రతి త్రైమాసికమున లెక్కలు బహిరంగపరుపవలెను. క్లబ్బును తరలించుటకు ముందు అభిమానుల ప్రతినిధులను సంప్రదింపవలెను.

ఈ విచారణ ఆటలకే పరిమితమైనది కాదు. మన ప్రాంతమున తెలుగువారు నడుపుకొను సంఘములు, పాఠశాలల సమితులు పెక్కు కలవు. వానికి ఫ్రాంచైజీకి లేని ఒక భాగ్యము కలదు. 1960 నాటి కర్ణాటక సంఘముల రిజిస్ట్రేషను చట్టము ననుసరించి నమోదైన సంఘము ఏటేట సభ్యుల సర్వసభ్య సమావేశమును జరిపి లెక్కలను వారియెదుట ఉంచవలెను. ఆ దినమున సభకు వచ్చు సభ్యులు కొందరే. వచ్చినవారిలో లెక్క చదువునప్పుడు వినువారు ఇంకను కొందరే. హైదరాబాదు ప్రజలు కోరినను పొందజాలని ఆ అధికారము మన చేతిలో ఉన్నది. సంఘమున పనిచేయు ఉపాధ్యాయునికి, కాపలాదారునికి ఈ నెల జీతము ముట్టెనా యని అడుగుట అవిశ్వాసము కాదు. సంఘము మనదని చెప్పుకొనుటకు అదియే మొదటి ఆధారము.