ట్రాక్టరు పార్కింగ్ బ్రేకు కేబుల్‌కు బ్రాకెట్ రూపకల్పన

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో కొండగట్టు పరిసరాలు గుట్టలతో కూడినవి. వరి కోతల కాలంలో ధాన్యం నింపిన ట్రాలీలను చెరువు కట్టలపైన, ఏటవాలు బాటలపైన నిలపవలసి వస్తుంది. వ్యవసాయ ట్రాలీలలో అనేకం సొంత బ్రేకులు లేనివి కనుక మొత్తం భారాన్ని ట్రాక్టరు బ్రేకే ఆపాలి. ట్రాక్టరు, ట్రాలీ, ధాన్యం కలిపి 6 టన్నులుంటే, పది అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే బాటపై వాటిని కిందికి లాగే బలం సుమారు 5,900 న్యూటన్లు; అంటే దాదాపు 600 కిలోల బరువుకు సమానం.

కొన్ని ట్రాక్టర్లలో బ్రేకు పెడళ్లను కొక్కెంతో బిగించి పార్కింగ్ బ్రేకు వేస్తారు. మరికొన్నింటిలో చేతి లివరు కేబుల్ ద్వారా బ్రేకును లాగుతుంది. ఈ రెండవ రకంలో చిన్న భాగమైన బ్రాకెట్ పాత్ర కీలకం.

బ్రాకెట్ చేసే పని

సైకిలు బ్రేకులో వలెనే ఈ కేబుల్‌లోనూ లోపలి తీగ, పై తొడుగు ఉంటాయి. తీగను లాగినప్పుడు తొడుగుపై దాదాపు అంతే బలం వ్యతిరేక దిశలో పడుతుంది. ఆ బలాన్ని తట్టుకొని తొడుగు కొనను కదలకుండా పట్టి ఉంచేది బ్రాకెట్. అది వంగితే లివరు చివరిదాకా వచ్చినా ఆ కదలిక పూర్తిగా బ్రేకుకు చేరదు.

ఒక లెక్క

లివరుపై 400 న్యూటన్ల బలం ప్రయోగించి, లివరు దానిని 5 రెట్లు చేస్తే కేబుల్‌పై 2,000 న్యూటన్లు పడతాయి. బ్రాకెట్ 40 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం గల మెత్తని ఉక్కు పట్టీ అనుకుందాం. కేబుల్ రంధ్రం బిగింపు నుండి 40 మి.మీ. దూరంలో ఉంటే పట్టీలో వంపు ఒత్తిడి 333 మెగాపాస్కళ్లు. ఈ ఉక్కు సుమారు 250 మెగాపాస్కళ్ల వద్దనే శాశ్వతంగా వంగుతుంది. మందాన్ని 10 మి.మీ.కు పెంచితే ఒత్తిడి 120కి తగ్గుతుంది. మందం మార్చకుండా దూరాన్ని 20 మి.మీ.కు తగ్గిస్తే 167 అవుతుంది. పట్టీ వంగే పరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కనుక ముందుగా దూరం తగ్గించాలి, ఆపై మందం పెంచాలి. దూరం తగ్గించే వీలు లేనిచోట మూలలో త్రికోణపు ఆనుపలక వెల్డింగు చేయాలి. బోల్టులను, వెల్డింగును విడిగా సరిచూసుకోవాలి.

అమర్చేటప్పుడు పాటించవలసినవి

• బ్రాకెట్‌ను బ్రేకు ఉన్న వెనుక యాక్సిల్ హౌసింగ్‌కే బిగించాలి. మడ్‌గార్డు రేకుకు బిగిస్తే రేకు ఊగి బిగువు తగ్గుతుంది.
• హౌసింగ్ పోత ఇనుముది కనుక దానికి రంధ్రం వేయడం, వెల్డింగు చేయడం తగదు. తయారీదారు అనుమతించిన బోల్టు స్థానాలనే వాడాలి.
• లివరు సగం లాగినప్పుడు కేబుల్ బ్రేకు చేయికి లంబకోణంలో ఉండాలి. పదునైన మలుపులు రాపిడిని పెంచుతాయి.
• దమ్ము చేసేటప్పుడు బురద చేరకుండా తొడుగు కొనకు రబ్బరు టోపీ ఉండాలి.
• సర్దుబాటు మరకు రెండు లాక్ నట్లు ఉండాలి. బ్రాకెట్‌కూ హౌసింగ్‌కూ కలిపి ఒక రంగు గీత గీస్తే, జరుగుడు వెంటనే కనిపిస్తుంది.

బిగించిన తరువాత చక్రాల కింద అడ్డుదిమ్మెలు ఉంచి, మొదట ఖాళీ ట్రాలీతో, ఆపై లోడుతో వాలుపై పరీక్షించాలి. ఈ సమయంలో ట్రాలీ వెనుక ఎవరూ నిలవకూడదు.

వాలుపై చక్రం కింద రాయి పెట్టే అలవాటు మంచిదే. అది బ్రేకుకు తోడు మాత్రమే, బదులు కాదు. కోతలకు ముందు జరిపే యంత్రాల తనిఖీ శిక్షణలో విస్తరణ శాస్త్రవేత్తలు కేబుల్‌తో పాటు దానిని పట్టి ఉంచే బ్రాకెట్‌ను కూడా రైతుల చేత పరిశీలింపజేయాలి.