గూడ్సు రైలు పాట ఎవరిది? అరవై దాటాక తొలి ఆల్బమ్ తెచ్చిన ఎలిజబెత్ కాటన్

1957లో బ్రిటన్ యువత నోట విరివిగా వినిపించిన పాటల్లో ‘ఫ్రైట్ ట్రైన్’ ఒకటి. గూడ్సు రైలు మీద కట్టిన ఆ పాట అక్కడి రికార్డుల అమ్మకాల పట్టికలో తొలి ఐదు స్థానాల్లో చోటు సంపాదించింది. రచయితలుగా ఇద్దరు ఇంగ్లీషువారి పేర్లు నమోదయ్యాయి. కానీ ఆ పాట పుట్టింది బ్రిటన్‌లో కాదు. అంతకు సుమారు అర్ధ శతాబ్దం ముందు, అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక నల్లజాతి బాలిక దానిని కట్టుకుంది. పాట సముద్రం అవతల మారుమోగుతున్న రోజుల్లో ఆమె వాషింగ్టన్ నగరంలో ఇంటిపని చేసుకుని జీవిస్తున్నారు.

ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. 1958లో, అరవై ఏళ్లు దాటిన వయసులో, ఆమె తొలి సోలో ఆల్బమ్ వెలువడింది. ఒక ప్రాంతానికే పరిమితమైన బ్లూస్ వాదన శైలిని ప్రపంచానికి వినిపించిన రికార్డుగా దానికి పేరుంది. అంతకుమించి, ఒక పాటకూ దానిని కట్టిన మనిషికీ మధ్య తెగిపోయిన బంధాన్ని తిరిగి ముడివేసిన రికార్డు కూడా అదే.

పర్వతపాదాల బ్లూస్

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం రద్దయిన తరవాతి దశాబ్దాల్లో, ఆఫ్రికన్ అమెరికన్ల పొలం పాటలు, పనిపాటలు, చర్చి కీర్తనల నుంచి బ్లూస్ రూపుదిద్దుకుంది. ఇంగ్లీషులో ఆ మాటకు దిగులు అన్న అర్థం ఉంది. మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి, మూడో పాదంతో దానికి జవాబు చెప్పడం ఈ పాటల్లో తరచుగా కనిపించే పద్ధతి.

అయితే బ్లూస్ అంతటా ఒకేలా ఉండదు. మిసిసిపీ డెల్టా ప్రాంతపు బ్లూస్‌లో తీవ్రత ఎక్కువ. అక్కడి కళాకారులు గిటార్ తీగల మీద సీసా మెడనో, కత్తినో జార్చి, ఏడుపును తలపించే ధ్వనిని పలికిస్తారు. అపలాచియన్ పర్వతాలకు తూర్పున, వర్జీనియా నుంచి జార్జియా వరకు విస్తరించిన పీడ్‌మాంట్ ప్రాంతపు ధోరణి వేరు. పీడ్‌మాంట్ అంటే పర్వతపాదం అని అర్థం. ఇక్కడి గిటార్ వాదనలో బొటనవేలు మంద్రస్వరాలను క్రమం తప్పకుండా మార్చి మార్చి మీటుతూ లయను నిలబెడుతుంది. మిగతా వేళ్లు పై తీగల మీద పాట బాణీని పలికిస్తాయి. అంటే తాళమూ బాణీ రెండూ ఒకే చేతి పని. అప్పట్లో పియానోపై ప్రసిద్ధమైన రాగ్‌టైమ్ సంగీతం ప్రభావం ఈ శైలిపై స్పష్టంగా వినిపిస్తుంది. నార్త్ కరోలినాలోని పొగాకు పరిశ్రమ పట్టణం డర్హమ్‌లో బ్లైండ్ బాయ్ ఫుల్లర్, రెవరెండ్ గ్యారీ డేవిస్ వంటివారు ఈ శైలికి ప్రసిద్ధి తెచ్చారు.

ఆ డర్హమ్‌కు సమీపంలోనే, చాపెల్ హిల్ పక్కన ఉన్న, ఇప్పుడు కార్బరో అని పిలిచే ఊరిలో 1893 జనవరి 5న ఎలిజబెత్ జన్మించారు. ఆమె పుట్టింటి పేరు నెవిల్స్. ఇంట్లో అందరూ ముద్దుపేర్లతోనే పిలిచేవారు. బడిలో మొదటిరోజు ఉపాధ్యాయురాలు పేరు అడిగినప్పుడు ‘ఎలిజబెత్’ అని తనకు తానే పేరు పెట్టుకుని చెప్పారు.

3 డాలర్ల 75 సెంట్ల గిటార్

సంగీతంలో ఆమెకు గురువు లేరు. అన్న ఇంట్లో లేని సమయం చూసి అతని బాంజోను తీసి రహస్యంగా సాధన చేసేవారు. చదువు చిన్న వయసులోనే ఆగిపోయింది. ఇళ్లలో పనికి కుదిరి, నెలకు ఒక డాలరు చొప్పున వచ్చిన జీతాన్ని కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లకు సొంత గిటార్ కొనుక్కున్నారు. ఇంటికి సమీపంలోని పట్టాల మీద సాగిపోయే గూడ్సు రైళ్ల చప్పుడు వింటూ ‘ఫ్రైట్ ట్రైన్’ పాట కట్టింది కూడా పన్నెండేళ్ల ప్రాయం నాటి ఆ రోజుల్లోనే.

ఆమెది ఎడమచేతివాటం. అన్న వాద్యానికి తీగలు కుడిచేతివాటానికి అనుగుణంగా బిగించి ఉండేవి. వాటిని మార్చి బిగించే వీలు లేకపోవడంతో వాద్యాన్నే తలకిందులుగా పట్టుకుని వాయించడం అలవాటు చేసుకున్నారు. సొంత గిటార్ వచ్చాక కూడా ఆ అలవాటు మారలేదు. ఇలా పట్టుకున్నప్పుడు లావు తీగలు కిందికి, సన్న తీగలు పైకి వస్తాయి. ఇతరులు బొటనవేలితో మీటే మంద్రస్వరాలను ఆమె చూపుడువేలితో మీటారు. ఇతరులు వేళ్లతో పలికించే బాణీని ఆమె బొటనవేలితో పలికించారు. సన్నని తీగపై బలమైన బొటనవేలు పడటం వల్ల బాణీకి ప్రత్యేకమైన నిండుదనం వచ్చింది. తరవాతి కాలంలో గిటార్ విద్యార్థులు ఈ పద్ధతికి ‘కాటన్ పికింగ్’ అని ఆమె పేరే పెట్టుకున్నారు.

దశాబ్దాల మౌనం

పదిహేడేళ్ల వయసులో ఆమెకు ఫ్రాంక్ కాటన్‌తో వివాహమైంది. లిల్లీ అనే కుమార్తె పుట్టింది. లౌకిక గీతాలు విడిచిపెట్టాలని చర్చివారు హితవు చెప్పడంతో ఆమె క్రమంగా గిటార్‌కు దూరమయ్యారు. చర్చిలో అప్పుడప్పుడు వాయించడం తప్ప, దశాబ్దాల పాటు ఆ వాద్యం ఆమె జీవితంలో లేనట్టే. కుమార్తె పెళ్లయ్యాక భర్త నుంచి విడిపోయి వాషింగ్టన్‌కు చేరుకున్నారు.

అక్కడ ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు, తప్పిపోయి తిరుగుతున్న ఒక చిన్నారిని ఆమె తల్లికి అప్పగించారు. ఆ చిన్నారి పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వరకర్త, తండ్రి చార్లెస్ సీగర్ సంగీత శాస్త్రవేత్త. ప్రసిద్ధ గాయకుడు పీట్ సీగర్ ఆ పిల్లలకు సవతి అన్న. ఆ పరిచయంతోనే ఎలిజబెత్ సీగర్ల ఇంట్లో పనికి కుదిరారు. జానపద సంగీతాన్ని సేకరించి, రాసి, బోధించే ఇల్లు అది. అలాంటి ఇంట్లో వంట చేస్తున్న మనిషి స్వయంగా పాటలు కట్టగల కళాకారిణి అన్న సంగతి కొంతకాలం ఎవరికీ తెలియదు. ఒకరోజు గోడకు వేలాడుతున్న గిటార్ తీసి ఆమె వాయిస్తుండగా పిల్లలు విన్నారు. మరచిపోయాననుకున్న పాటలు ఒక్కొక్కటిగా ఆమె వేళ్లకు తిరిగి వచ్చాయి.

పాట సముద్రం దాటిన వైనం

1950ల మధ్యలో పెగ్గీ సీగర్ ఇంగ్లండ్ వెళ్లి, ఎలిజబెత్ వద్ద నేర్చుకున్న ‘ఫ్రైట్ ట్రైన్’ను అక్కడ పాడారు. అప్పుడు బ్రిటన్‌ను స్కిఫిల్ అనే సంగీత ధోరణి ఊపేస్తోంది. చవక గిటార్లు, బట్టలుతికే రేకుపలక వంటి వస్తువులతో కుర్రవాళ్లు అమెరికా జానపద గీతాలను వాయించేవారు. ఛాస్ మెక్‌డెవిట్ బృందం నాన్సీ విస్కీ గాత్రంతో ‘ఫ్రైట్ ట్రైన్’ను రికార్డు చేయగా అది విజయం సాధించింది. కానీ హక్కులు మాత్రం వేరేవారి పేర నమోదయ్యాయి.

ఎలా సాధ్యమైంది? నోటి నుంచి నోటికి సాగే పాటకు కర్త ఎవరో తెలియదని భావించడం రికార్డింగ్ పరిశ్రమలో మామూలే. కర్త లేని పాటకు కొత్త అమరిక చేసి, దానిపై హక్కు కోరడం సులువు. ఎలిజబెత్ పాట అచ్చుకాలేదు. ఆమె గొంతుతో రికార్డు కూడా లేదు. సీగర్ కుటుంబం పూనుకుని పోరాడిన మీదట ఆ పాటపై ఆమె హక్కుకు గుర్తింపు దక్కింది. అయినా ఇతరుల పేర్లతో ఆ పాట చాలాకాలం చలామణీ అవుతూనే వచ్చింది.

ఇంట్లోనే రికార్డింగ్

ఈ నేపథ్యంలో పెగ్గీ అన్న మైక్ సీగర్ టేప్ రికార్డర్ పట్టుకుని ఎలిజబెత్ ఇంటికి వెళ్లారు. స్టూడియో లేదు, పక్కవాద్యాలు లేవు. మనవలు, మనవరాళ్లు మసలే ఇంట్లోనే, ఆమె గొంతు, ఆమె వాద్యం మాత్రమే వినిపించేలా పాటలు రికార్డయ్యాయి. 1948లో మోజెస్ ఆష్, మేరియన్ డిస్ట్లర్ నెలకొల్పిన ఫోక్‌వేస్ సంస్థ వాటిని 1958లో ఆల్బమ్‌గా విడుదల చేసింది. ‘ఫ్రైట్ ట్రైన్ అండ్ అదర్ నార్త్ కరోలినా ఫోక్ సాంగ్స్ అండ్ ట్యూన్స్’ అన్న పేరుతో ఆ ఆల్బమ్ నేటికీ లభిస్తోంది.

ఆమె పెరిగిన వాతావరణంలోని సంగీతమంతా అందులో వినవచ్చు. ‘విల్సన్ రాగ్’లో రాగ్‌టైమ్ నడక ఉంది. ‘వస్తాపోల్’, ‘స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్’ మాటల్లేని గిటార్ రచనలు. చర్చి కీర్తనలు ఉన్నాయి, బాంజోపై వాయించిన పాత బాణీలూ ఉన్నాయి. ‘ఓ బేబ్ ఇట్ ఎయింట్ నో లై’ పాట వెనుక ఒక చిన్ననాటి గాయం ఉంది. పొరుగింటామె చెప్పిన అబద్ధం నమ్మి తల్లి శిక్షించినప్పుడు కలిగిన బాధే ఆ పాటకు మూలం.

పక్కవాద్యాలు లేకపోవడం ఇక్కడ కొరత కాలేదు. బృందంతో పాడినప్పుడు లయ బాధ్యతను డ్రమ్స్, బాస్ వంటివి పంచుకుంటాయి. ఒంటరి రికార్డింగ్‌లో ఏ వేలు ఏ స్వరాన్ని మీటిందో వినేవారికి తెలిసిపోతుంది. ‘ఫ్రైట్ ట్రైన్’లో ఎడతెగని మంద్రస్వరాల లయ మీద బాణీ ఎంత తీరికగా సాగుతుందో ఈ ఆల్బమ్‌లో విన్నవారికి, ఆ పాట ఆమె చేతివాటం నుంచే పుట్టిందని అర్థమవుతుంది. హక్కుల పోరు పత్రాల మీద జరిగింది. ఆ హక్కు ఎందుకు ఆమెదో శ్రోతలకు చెవులారా వినిపించింది మాత్రం ఈ ఆల్బమే.

ఆ తరవాత

1960లో మైక్ సీగర్‌తో కలిసి ఆమె తొలి బహిరంగ కచేరీ చేశారు. 1964లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాల్గొన్నారు. కొత్త పాటలూ కట్టారు. మరో ఆల్బమ్‌లోని ‘షేక్ షుగరీ’ని పన్నెండేళ్ల మునిమనవరాలి చేత పాడించి, తాను గిటార్ వాయించారు. కచేరీలు, రికార్డుల ఆదాయంతో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో సొంత ఇల్లు కొనుక్కున్నారు. 1984లో అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్, 1985లో గ్రామీ పురస్కారం ఆమెను వరించాయి. అప్పటికి ఆమె వయసు తొంభై దాటింది. 1987 జూన్ 29న ఆమె కన్నుమూశారు. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు మరణానంతర గుర్తింపునిచ్చింది.

భారత చట్టం ఏమంటోంది?

పాట ఎవరిదన్న ప్రశ్న భారత్‌లోనూ కొత్తది కాదు. ఇక్కడి కాపీరైట్ చట్టం 1957లో రూపొంది, 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. ఎలిజబెత్ ఆల్బమ్ విడుదలైన సంవత్సరమూ అదే. ఈ చట్టం ప్రకారం గేయ రచయిత, స్వరకర్తల హక్కు వారి జీవితకాలంతో పాటు మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. 2012 సవరణ మరో రక్షణ కల్పించింది. సినిమా కోసం రాసిన పాటను థియేటర్‌లో ఆ సినిమాతో పాటు కాకుండా మరో విధంగా వాడుకుంటే, రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా దక్కాలి. ఆ వాటాను ముందే వదులుకున్నట్టు ఒప్పందం రాయించుకున్నా చెల్లదు.

కాపీరైట్ పొందడానికి నమోదు తప్పనిసరి కాదు. పాట కట్టిన క్షణం నుంచి, దానికి లిఖిత రూపమో, రికార్డు రూపమో ఉంటే, నిరూపించుకోవడం తేలికవుతుంది. కర్త పేరు తెలియని తరతరాల జానపద గీతానికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. అందువల్ల ఊళ్లలో సొంతంగా పాటలు కట్టి పాడేవారు తమ పాటను తేదీతో, పేరుతో రాసుకోవడం, సొంత గొంతుతో రికార్డు చేసి ఉంచుకోవడం అవసరం. ఎలిజబెత్ కాటన్ విషయంలో ఆ పని జరగడానికి అర్ధ శతాబ్దం పట్టింది. అదీ ఒక యువకుడు టేప్ రికార్డర్‌తో ఆమె ఇంటికి వెళ్లడం వల్లే సాధ్యమైంది.