కనబడని అంగడికి మరల వచ్చువారు

కంటికి కానరాని శ్రోతతో మాటలాడుట మా వృత్తి. అందుచేతనే కాబోలు, ముఖమైనను చూపని అంగడిని జనులు ఏండ్ల తరబడి విడువకుండుటకు కారణమేమో తెలిసికొనవలెనని మాకు కుతూహలము కలిగినది.

ఊరి అంగడిలో బియ్యము గుప్పిటపట్టి చూతుము. బెల్లము నోట వేసికొందుము. తూకము కన్నులయెదుటనే జరుగును. పైన కొసరును దక్కును. ఇంటర్నెట్ అంగడిలో ముందుగా కనబడునది బొమ్మ మాత్రమే. పక్క అంగడికి పోవుటకు వీధి దాటనక్కరయు లేదు, వ్రేలు కదల్చిన చాలును. ఇట్టిచోట ధర తగ్గించినవానిదే గెలుపని తోచును గాని, ధరకై వచ్చినవాడు ధరకొరకే పోవును. ఆన్‌లైన్ వర్తకమున నమ్మకమే ప్రధానమని ఫ్రెడరిక్ రైక్‌హెల్డ్, ఫిల్ షెఫ్టర్ అనువారు 2000లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వాదించిరి.

ఆ నమ్మకము ఎట్లు పుట్టును? 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ నెలకొల్పినపుడు, తొలి గిరాకి మన మహబూబ్‌నగరమునుండి వచ్చినది. కోరినది ఒక ఇంగ్లీషు పుస్తకము. అది వారి చేతిలో లేదు. లేదని చెప్పి ఊరకుండక, బెంగుళూరు పుస్తకశాలలు గాలించి సంపాదించి పంపిరి. 2010లో సరకు ఇల్లు చేరిన పిమ్మటనే సొమ్ము చెల్లించు పద్ధతి పెట్టిరి. మా దృష్టిలో ఇదియే పెద్ద మలుపు. అంతవరకు ముందుగా నమ్మవలసినవాడు కొనువాడు, అప్పటినుండి అమ్మువాడు.

అయినను అసలు పరీక్ష పొరపాటు జరిగిననాడే. 2014 అక్టోబరు 6న ఆ సంస్థయే పెట్టిన భారీ తగ్గింపు అమ్మకమునాడు, వచ్చిపడిన జనమునకు వెబ్‌సైటు తాళలేకపోయినది. మరునాడు స్థాపకులిరువురును కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ పంపిరి. అమెరికాలో 1999లో వెలసిన జాపోస్ అను జోళ్ళ అంగడి, తిరుగు రవాణా ఖర్చు తానే భరించి, ఏడాదిలోపల సరకు వెనుకకు పుచ్చుకొనుచు పేరు గడించినది.

మా యింటి సంగతి వేరు. ఒకమారు తెప్పించిన మిక్సీ గిన్నె పగిలివచ్చినది. ఆ అంగడివారు ఫోటో పంపుమనిరి, పంపితిమి. మరల పంపుమనిరి. అబద్ధమాడుచున్నామేమో యన్నట్లు మూడు వారములు ప్రశ్నించి, తుదకు పైకముతో సహా పంపివేసిరి. పైసాయైనను తక్కువ కాలేదు. మేము మాత్రము ఆ గుమ్మము మరల త్రొక్కలేదు.

ఇక, పోనీయక పట్టియుంచుటనుగూడ విశ్వాసమని లెక్కవేయు వర్తకులు లేకపోలేదు. సభ్యత్వము పుచ్చుకొనుటకు ఒక్క మీట, మానుకొనుటకు పది పుటల వెదకులాట! 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకములు ఇట్టి కపటపు పోకడలను 13 విధములుగా పేర్కొని నిషేధించినవి; ఈ సభ్యత్వపు ఉచ్చు వానిలో నొకటి. అటువంటి అంగడి లెక్కలలో, పోదామని తలుపు వెదకుచున్నవాడును పాత ఖాతాదారుగనే కనబడును.