చెంప మీది మైకు

1979 ఏప్రిల్‌లో బ్రిటిష్ గాయని కేట్ బుష్ వరస కచేరీలు మొదలుపెట్టారు. పాడుతూనే నాట్యం చెయ్యాలన్నది ఆమె పట్టుదల. చేతిలో మైకుంటే చెయ్యి ఆడదు, స్టాండు ముందు నిలబడితే కాలు ఆడదు. అప్పుడు సౌండ్ ఇంజనీరు మార్టిన్ ఫిషర్ బట్టలు తగిలించే హ్యాంగర్ తీగను తలకు సరిపోయేలా వంచి, దాని కొసన చిన్న మైకు అమర్చారు. పైలట్లకూ టెలిఫోన్ ఆపరేటర్లకూ తల మీది మైకు అప్పటికే అలవాటు. పాటల వేదిక మీదికి అది ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. 1990లో మడోనా బ్లాండ్ ఆంబిషన్ కచేరీల తర్వాత ఆ రూపం ప్రపంచమంతటికీ పరిచయమైంది.

ఈ ఇబ్బంది మన కళాకారులకూ తెలిసిందే. హరిదాసుకు ఒక చేత తంబుర, ఒక చేత చిడతలు. బుర్రకథకుడికి తంబుర, అందెలు. మైకు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

ఇవాళ వీధి గాయకుడు సైతం కొనుక్కోగలిగిన ధరకు హెడ్‌సెట్ మైకు దొరుకుతోందంటే కారణం ఆ తీగ కాదు, దాని కొసనున్న బఠాణీ గింజంత డబ్బీ. 1916లో ఇ.సి. వెంటే రూపొందించిన కండెన్సర్ మైకులో ఒక పల్చటి పొర, దాని వెనక కదలని లోహపు పలక ఉంటాయి. ధ్వని తగిలి పొర అదిరినప్పుడల్లా రెండింటి మధ్య ఎడం మారుతుంది, ఆ మార్పే విద్యుత్ సంకేతమవుతుంది. స్వరంలోని సన్నటి వంపుల్ని కూడా పట్టుకునే పద్ధతి ఇది. అయితే పొర మీద విద్యుదావేశం నిలవాలంటే బయటి నుంచి వోల్టేజి ఇస్తూనే ఉండాలి. తొలి మైకులకు అది వందల వోల్టులు. స్టూడియోలో సరే, వీధిలో ఎలా?

జవాబు న్యూజెర్సీలోని బెల్ లాబ్స్‌లో దొరికింది. అక్కడ జర్మనీ నుంచి వచ్చిన గెర్హార్డ్ సెస్లర్, వర్జీనియాలో పుట్టిన జేమ్స్ వెస్ట్ కలిసి పనిచేసేవారు. వెస్ట్ నల్లజాతి యువకుడు. భౌతికశాస్త్రం చదువుతానన్నప్పుడు, డాక్టరేట్లు ఉండి కూడా పోస్టాఫీసు ఉద్యోగాలకు మించి దొరకని నల్లజాతివాళ్లను తండ్రి తనకు చూపించారని ఆయన తర్వాత చెప్పారు. అయినా ఆ దారినే వెళ్లారు. కొన్ని ప్లాస్టిక్ పొరలకు ఆవేశం ఎక్కిస్తే అది అందులోనే చిక్కుకుని ఉండిపోతుందన్న గుణాన్ని ఈ ఇద్దరూ పట్టుకున్నారు. ఇలాంటి పదార్థాన్ని ఎలక్ట్రెట్ అంటారు. అంతకు ముందు మైనంతో చేసినవి కొంతకాలానికి ఆవేశం కోల్పోయేవి. టెఫ్లాన్ పొర మాత్రం ఏళ్ల తరబడి దాన్ని వదలదు. 1962లో మైకు సిద్ధమైంది, 1964లో పేటెంటు వచ్చింది, 1968కల్లా సోనీ పెద్ద ఎత్తున తయారీకి దిగింది. లోపలి చిన్న ట్రాన్సిస్టరుకు రెండు మూడు వోల్టులు చాలు.

కాబట్టి చవక మైకు అనగానే నాసిరకం అనుకోవడం అన్యాయం. చవకగా చెయ్యగలగడమే ఈ ఆవిష్కరణ సాధించిన విజయం.

వీధిలో అసలు శత్రువు కీచు శబ్దం. స్పీకరులోంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో దూరి, పెరిగి, మళ్లీ స్పీకరుకు చేరితే మైకు కూస్తుంది. దీనికి విరుగుడు ధరలో లేదు, దూరంలో ఉంది. నోటికి 30 సెంటీమీటర్ల దూరాన ఉన్న మైకును 2 సెంటీమీటర్లకు తెస్తే, దాన్ని తాకే ధ్వని పీడనం దాదాపు 15 రెట్లవుతుంది. స్పీకరు శబ్దం మాత్రం అంతే ఉంటుంది. అయితే సరిగ్గా పెదవుల ముందు పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి ఢామ్మని కొడుతుంది. నోటి మూల పక్కన, చెంపకు దగ్గరగా ఉంచడమే మేలు. నాటకాల్లో అన్ని వైపులా సమానంగా వినే ఓమ్నీ రకం ఎక్కువ. స్పీకరు రెండు అడుగుల దూరంలో ఉండే వీధి కళాకారుడికి ముందు వైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ రకం నయం. స్పీకరును తనకు ముందు పెట్టుకుని, దాని వెనక నిలబడాలి.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా పిన్ను దగ్గర. నడుముకు కట్టుకునే ట్రాన్స్‌మిటర్లకు షూర్ నాలుగు పిన్నుల సాకెట్ వాడుతుంది, సెన్‌హైజర్ బిగించుకునే 3.5 మిల్లీమీటర్ల పిన్ను వాడుతుంది. ఒకదాని మైకు ఇంకోదానికి పట్టదు. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్లు చాలావాటిలో స్టూడియో మైకులకు కావలసిన 48 వోల్టుల సరఫరా ఉండదు. వైరు నేరుగా ఆంప్లిఫయరుకే తగిలించుకునేవారు షూర్ డబ్ల్యూహెచ్20 లాంటి డైనమిక్ హెడ్‌సెట్‌ను చూడవచ్చు. దానికి ఏ వోల్టేజీ అక్కర్లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ ఎంత చవకైనా పాటకు పనికిరాదు. మాట బయటికి రావడానికి సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుంది, తాళం చెదురుతుంది.

ఎండలో ఆడేవారి మైకును చెమట తొందరగా చంపుతుంది. తీగను చెవి వెనక చిన్న మెలికలా కిందికి జార్చి ఉంచితే చెమట తీగ వెంట ముందుకు పాకకుండా అక్కడే రాలిపోతుంది. గాలి హోరును ఆపే నురగ తొడుగులు ఊరికే జారిపడి పోతుంటాయి గనుక, మైకుతో పాటే రెండు మూడు అదనంగా కొనుక్కోవాలి.