ఆపదలో తోడుండే తుపాకి

విమానం కూలిపోయి, మనిషి అలికిడి లేని అడవిలోనో మంచు మైదానంలోనో చిక్కుకున్న సిబ్బంది, వెతికేవాళ్లు వచ్చి చేరేదాకా ప్రాణాలు నిలుపుకోవాలంటే వారి దగ్గర ఎటువంటి తుపాకి ఉండాలన్నది గత శతాబ్దంలో అనేక దేశాల వైమానిక దళాలు లోతుగా ఆలోచించిన విషయం. అత్యవసర సామగ్రి సంచిలో ఇమిడిపోయే ఈ చిన్న ఆయుధాలకు ‘సర్వైవల్ గన్’ అన్న పేరు స్థిరపడింది. వాటి చరిత్రను పరిశీలిస్తే, ముందుగా తేల్చుకోవలసింది తుపాకి శక్తి ఎంత అన్నది కాదని, అది ఏ పనికి అన్నదేనని అర్థమవుతుంది. ఆకలి తీర్చే కుందేలును కొట్టడానికా, మీదికి దూకే మృగాన్ని ఆపడానికా, గాలిస్తూ వచ్చే శత్రువును ఎదిరించడానికా అన్నది తేలకుండా మూడింటికీ ఒకే ఆయుధం కావాలనుకున్నవారికి బరువో, ఖర్చో, తూటాల కొరతో అడ్డుతగలక మానలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా మీద ఎగిరే తన సిబ్బంది కోసం జర్మన్ వైమానిక దళం ఎంచుకున్న ఎం-30 అనే మూడు గొట్టాల తుపాకి ఇందుకు మంచి ఉదాహరణ. దాని పై రెండు గొట్టాలు 12 బోరు షాట్‌గన్‌వి, అంటే లోపల నునుపుగా ఉండి, చిన్న చిన్న సీసపు గుళ్లను వెదజల్లి ఎగిరే పిట్టను పడగొట్టేవి. కింది గొట్టం రైఫిల్‌ది, అంటే లోపల మెలిక తిరిగిన గాడులుండి, ఒకే తూటాను గిరగిరా తిప్పుతూ దూరానికి సూటిగా పంపేది. సంపన్నులు వేటకు కొనుక్కునేంత నాణ్యంగా తయారైన ఆ తుపాకిని అల్యూమినియం పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఎడారిలో దాహంతో అలమటించే పైలట్‌కు అంత విలాసం దేనికన్న ప్రశ్నకు సరైన జవాబు కనిపించదు.

యుద్ధానంతరం అమెరికా వైమానిక దళం ప్రవేశపెట్టిన ఎం-6లో ఈ ఆడంబరమేమీ లేదు. రేకు ముక్కలను అతికించినట్టు కనిపించే ఆ తుపాకిలో 14 అంగుళాల గొట్టాలు రెండు ఒకదానిమీద ఒకటి ఉండేవి; పైది .22 హార్నెట్ అనే చిన్న రైఫిల్ తూటాకు, కిందిది .410 బోరు షాట్‌గన్ తూటాకు పనికివచ్చేవి. మధ్యకు మడిచి సంచిలో పెట్టడానికి వీలైన ఈ తుపాకికి మామూలు ట్రిగ్గర్ బదులు వెడల్పాటి మీట అమర్చారు, ఎందుకంటే చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, మందపాటి చేతి తొడుగులతో సన్నని ట్రిగ్గర్‌ను నొక్కడం సాధ్యపడదు. భుజానికి ఆనించుకునే మడమ భాగంలోనే తొమ్మిది హార్నెట్ తూటాలకు, నాలుగు షాట్‌గన్ తూటాలకు అరలుండేవి. ఆ పదమూడు తూటాల లెక్కలోనే రూపకర్తల ఉద్దేశం కనబడుతుంది: కుందేలు, పక్షి, ఉడుత వంటి వాటితో కొన్నాళ్లు గడపడమే తప్ప ఎలుగుబంటితో తలపడడం వారి ఆలోచనలో లేదు. అమెరికా సైనిక రైఫిల్ ఎం-16కు మూలమైన తుపాకిని రూపొందించిన యూజీన్ స్టోనర్ 1959లో తెచ్చిన ఏఆర్-7 ఇంకా తేలిక, సుమారు 1.1 కిలోలు, విడదీసిన భాగాలన్నీ ప్లాస్టిక్ మడమలోనే సర్దుకుంటాయి, నీటిలో పడితే అది తేలుతుంది. అది వాడే .22 లాంగ్ రైఫిల్ తూటాలు వందకు పైగా జేబులో పడతాయి గాని, వాటి దెబ్బ చిన్న జంతువులకే సరిపోతుంది.

సోవియట్ వ్యోమగాముల అనుభవం వేరు. 1965 మార్చిలో అలెక్సీ లియొనోవ్, పావెల్ బెల్యాయెవ్ ప్రయాణించిన వస్ఖోద్-2 నౌకలో స్వయంచాలక వ్యవస్థ మొరాయించడంతో, నిర్ణయించిన చోటికి వందల కిలోమీటర్ల దూరాన పెర్మ్ ప్రాంతపు మంచు అడవిలో అది దిగింది. మొదటి రాత్రి వాళ్లిద్దరూ వ్యోమ దుస్తుల్లో నిండిన చెమటను పిండుకుంటూ, తోడేళ్లు, ఎలుగుబంట్లు తిరిగే అడవిలో ఒక పిస్తోలును నమ్ముకొని గడపవలసి వచ్చింది. తర్వాతి కాలంలో లియొనోవ్ మెరుగైన ఆయుధం కోసం పట్టుబట్టగా తయారైనదే, 1986 నుంచి సోయుజ్ నౌకల అత్యవసర సామగ్రిలో చేరిన టీపీ-82. మూడు గొట్టాల ఈ పిస్తోలులో పై రెండూ గుళ్ల తూటాలకూ, సంకేతాలిచ్చే వెలుగు తూటాలకూ, కిందిది 5.45 మిల్లీమీటర్ల రైఫిల్ తూటాకూ ఉద్దేశించినవి. దీనికి తగిలించే మడమ నిజానికి ఒరలో ఉన్న పెద్ద కత్తి, ఊడదీస్తే కొమ్మలు నరకడానికి పనికివచ్చేది. ఇంత తెలివిగా రూపొందిన ఆయుధం కూడా తూటాలకు కాలం చెల్లడంతో 2007 నాటికి పక్కకు తప్పుకుంది, దాని స్థానంలోకి మళ్లీ మామూలు పిస్తోలే వచ్చింది. ఎవరూ తయారుచేయని ప్రత్యేక తూటాను కోరే తుపాకి ఎంత గొప్పదైనా చివరికి ఇనుప ముక్కే.

దీనికి భిన్నంగా, కెనడా ఉత్తరపు కొసన గస్తీ తిరిగే రేంజర్లు 1947 నుంచి 2018 తర్వాత కొత్తవి అందేదాకా లీ ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్‌ను వదలలేదు. మన పోలీసు ఠాణాల్లో దశాబ్దాల పాటు కనిపించిన ‘త్రీ నాట్ త్రీ’ ఇదే. ప్రతిసారీ చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే ఈ పద్ధతిలో కదిలే భాగాలు తక్కువ కనుక, స్వయంచాలక తుపాకుల్లో నూనె గడ్డకట్టే చలిలోనూ ఇది పనిచేస్తుంది. అయితే అక్కడి అనుభవజ్ఞులు తుపాకిని వెచ్చని గుడారంలోకి తేకుండా బయటే ఉంచుతారు. లోపలికి తెస్తే లోహం మీద చెమ్మ పట్టి, తిరిగి బయటికి తీసుకుపోగానే అది మంచుగా మారి గడియను బిగించేస్తుంది.

శత్రువు భయం ముందుకొచ్చిన చోట ఎంపిక పూర్తిగా మారింది. 2018 నుంచి అమెరికా యుద్ధ విమానాల్లో, ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు కింద చేరుతున్న జీఏయూ-5ఏ, రెండు ముక్కలుగా విడిపోయి నిమిషంలోపే కలిసే 5.56 మిల్లీమీటర్ల సైనిక తుపాకి. దానితో కుందేలు వేట ఎవరూ ఊహించరు.

మృగాల విషయంలో మాత్రం తుపాకి పరపతి తగ్గుతూ వచ్చింది. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన ఘటనలపై 2008లో వెలువడిన అధ్యయనం, మిరప ఘాటును చిమ్మే స్ప్రే గోధుమరంగు ఎలుగుబంట్లను 92 శాతం సందర్భాల్లో ఆపిందని తేల్చింది. దూసుకొచ్చే జంతువుకు కొన్ని క్షణాల్లో గురి పెట్టడం కంటే దాని ముందు ఘాటు మబ్బును నిలపడం తేలిక. అమెరికాలో ఎల్లోస్టోన్ వంటి జాతీయ ఉద్యానాలకు వెళ్లే తెలుగువారికి కూడా అక్కడి అధికారులు సూచించేది ఈ డబ్బానే, దాన్ని ప్రయాణికుల విమానంలో తీసుకుపోనివ్వరు గనుక అక్కడికి చేరాకే సమకూర్చుకోవాలి.

చట్టాల మాటకు వస్తే, అలాస్కాలో ఎగిరే చిన్న విమానాల్లో ఒకప్పుడు తుపాకి, తూటాలు తప్పనిసరి. తర్వాత ఆ నిబంధనను తొలగించినా వారానికి సరిపడే తిండి, గొడ్డలి, చేపల గాలాలు, నిప్పు రాజేసే సాధనం, దోమల నుంచి తలకు రక్షణనిచ్చే వల మాత్రం జాబితాలో మిగిలాయి. ఇప్పటికీ తుపాకి కావాలనుకునే పైలట్లు, అమెరికాలోని దిగువ రాష్ట్రాల నుంచి కెనడా మీదుగా అక్కడికి ఎగరవలసి ఉంటే, తేలికైన పిస్తోలు మీద మనసున్నా పొడవాటి తుపాకినే ఎంచుకుంటారు, ఎందుకంటే సరిహద్దులో ముందుగా ప్రకటించి రుసుము కడితే వేట తుపాకిని అనుమతించే కెనడా, పిస్తోళ్ల దగ్గర అంత ఉదారంగా ఉండదు.