చిరునామా గల ప్రోగ్రాము

శ్రీకాకుళం జిల్లాలో, పాతపట్నం ప్రాంతాన, కొత్తూరు అనే ఊరున్నది. రంగారెడ్డి జిల్లాలోనూ ఒక కొత్తూరు కలదు. ఉత్తరంమీద ఊరిపేరు ఒక్కటే వ్రాస్తే అది ఎక్కడికి చేరాలి? జిల్లా పేరు కూడా ఉండవలె. కంప్యూటరు ప్రోగ్రాములకూ ఇదే చిక్కు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా భాషలో ప్రోగ్రాములు క్లాసులనే భాగాలుగా ఉంటాయి. ‘వర్షం’ అనే పేరుతోనే ఇద్దరు వేర్వేరు క్లాసులు వ్రాయవచ్చు. అవి కలగాపులగం కాకుండా ప్రతి క్లాసునూ ఒక ప్యాకేజీలో చేరుస్తారు. ప్యాకేజీ ఒక విధమైన చిరునామా. అయితే ఉత్తరంమీద వలె కాక ఇందులో పెద్దది ముందు, చిన్నది తరువాత వస్తుంది.

పాతపట్నం విద్యార్థి ఒకడు తన ఊరి వర్షపాతానికి సగటు కట్టే ప్రోగ్రాము వ్రాశాడనుకుందాం. జావా యూనికోడ్ లిపిని అంగీకరిస్తుంది కనుక పేర్లు తెలుగులోనే పెట్టవచ్చు. (ఈ సౌకర్యాన్ని మన బడులలో వాడుకునేవారు అరుదు.) మొదటి పంక్తిలో ‘ప్యాకేజ్ శ్రీకాకుళం.పాతపట్నం;’ అని వ్రాసి, క్లాసుకు ‘వర్షం’ అని పేరుంచి, ‘పని’ అనే ఫోల్డరులో ‘వర్షం.జావా’ అనే ఫైలుగా భద్రపరిచాడు. లైనక్సు యంత్రంలో టెర్మినలు తెరచి, ‘పని’ ఫోల్డరులోనే ఉండి, ఈ ఆజ్ఞ ఇస్తాడు:

జావాసీ -డి . వర్షం.జావా

ఆజ్ఞలు ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగులో అచ్చువేయబడినవి. విద్యార్థి తాను పెట్టిన పేర్లు తప్ప తక్కిన మాటలను, ఫైలు పేరు చివర ‘జావా’తో సహా, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టవలె.

‘జావాసీ’ అనేది కంపైలరు. మనిషి వ్రాసినదానిని అది బైట్‌కోడుగా మార్చి ‘వర్షం.క్లాస్’ అనే ఫైలులో ఉంచుతుంది. ‘-డి’ తరువాతి చుక్కకు ‘ఇప్పుడున్న చోటనే’ అని అర్థం. కంపైలరు అక్కడ ‘శ్రీకాకుళం’ అనే ఫోల్డరును, దాని లోపల ‘పాతపట్నం’ ఫోల్డరును తానే సృష్టించి, ఫలితాన్ని అందులో పెడుతుంది. ‘-డి’ మరచిపోతే ఈ ఫోల్డర్లు ఏర్పడవు. క్లాసు ఫైలు మూలం ప్రక్కనే పడి ఉంటుంది.

ఇక్కడే విద్యార్థి తడబడతాడు. ‘పాతపట్నం’ ఫోల్డరులోకి వెళ్ళి, ఫైలు కంటికి కనబడుతున్నది గదా అని ‘జావా వర్షం’ అంటాడు. యంత్రం ఒప్పుకోదు, పేరు తప్పంటుంది! కారణమేమి? ప్యాకేజీలో చేరిన నాటినుండి ఆ క్లాసు పేరు ఉత్త ‘వర్షం’ కాదు. పూర్తి పేరు బైట్‌కోడు లోపలే లిఖించబడి ఉన్నది. యంత్రం ఫైలు తెరచి, అడిగిన పేరును లోపలి పేరుతో పోల్చి చూసి, పొసగకపోతే నిరాకరిస్తుంది. పోనీ, అక్కడినుండే పూర్తి పేరు కొడితే? అప్పుడు ‘పాతపట్నం’ లోపల మరొక ‘శ్రీకాకుళం’ కోసం వెదకుతుంది. అది ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి మరల ‘పని’ ఫోల్డరుకు వచ్చి ఇలా అడగవలె:

జావా శ్రీకాకుళం.పాతపట్నం.వర్షం

చివర ‘.క్లాస్’ చేర్చరాదు. చేరిస్తే యంత్రం ‘వర్షం’ను కూడా ప్యాకేజీగా భావించి, దానిలో ‘క్లాస్’ అనే పేరుగల క్లాసుకోసం గాలిస్తుంది. వేరొక ఫోల్డరునుండి నడపదలిస్తే ‘జావా’ తరువాత ‘-సీపీ’ అని, ‘పని’ ఫోల్డరుకు దారి తెలిపి, ఆపైన పూర్తి పేరు వ్రాయవలె. ఆ దారి ‘పని’ వద్దనే ఆగాలి. అక్కడినుండి ‘పాతపట్నం’ దాకా మిగిలిన దారిని యంత్రం క్లాసు పేరునుండే తెలుసుకుంటుంది.